సమురాయ్ కావాలంటే ముందు అప్పు పుట్టాలి

వ్యక్తిత్వ వికాస శిబిరాల్లో ఈమధ్య సమురాయ్ (పాతకాలపు జపాన్ యోధుడు) పేరు చెప్పి కుర్రాళ్లకు పౌరుషం ఎక్కిస్తున్నారు. సంతోషం. కాకపోతే పాఠం కత్తి దగ్గర మొదలై కత్తి దగ్గరే ఆగిపోతోంది. అసలు సిలబస్ బియ్యం కొట్లో ఉంది. 1638లో షిమబరా తిరుగుబాటు అణిగాక జపాన్‌లో రెండొందల ఏళ్లకు పైగా పెద్ద యుద్ధమే లేదు. యుద్ధం లేని యోధుడికి ఏం పని? జీతం కోసం ఎదురుచూడటం.

ఎదో (ఇప్పటి టోక్యో) నగరంలో రక్షకభటుడి ఉద్యోగం చేసే చిన్న సమురాయ్‌ని దోషిన్ అనేవారు. (దోషి కాదు, దోషుల్ని పట్టుకునేవాడు.) అతని జీతం ఏడాదికి 30 బస్తాల బియ్యం, బస్తా సుమారు 63 లీటర్లు. పైన ఇద్దరికి తిండి బత్తెం.

షోగన్ (జపాన్‌ను ఏలిన సైన్యాధిపతి) ఖజానా బియ్యం తీసుకునేవాళ్లకు మూడు విడతలు: వసంతంలో పావు, వేసవిలో పావు, మిగతా సగం చలికాలంలో. సుమిదా నది ఒడ్డున కురమయె గోదాములకు వెళ్లాలి. పేరు రాసిన చీటీని వెదురు పుల్లకు తగిలించి, గడ్డికట్టకు గుచ్చి, పిలిచేదాకా నిలబడాలి. రెండు కత్తులు కట్టినవాడు రేషన్ లైన్లో నిలబడితే పరువేం కాను? అందుకని ఆ చీటీ గుచ్చే పని దళారికి అప్పజెప్పాడు. దళారి పేరే ఫుదసాషి, అంటే చీటీ గుచ్చేవాడు. వంద బస్తాలు విడిపించి అమ్మిపెడితే కూలి ముప్పావు ర్యో (ర్యో అంటే అప్పటి బంగారు నాణెం). చవకే. కానీ రాబోయే విడత తాకట్టు మీద అప్పు కూడా అతనే ఇస్తాడు, అసలు వ్యాపారం అది. 1724లో 109 మంది దళారులకు ఈ గుత్త హక్కు దక్కింది. అప్పట్నుంచి సమురాయ్ వంశాలు తండ్రి కత్తితోపాటు తండ్రి వడ్డీనీ భక్తిగా స్వీకరించాయి.

చివరికి 1789లో షోగన్ పెద్ద మంత్రి మత్సుదైరా సదనోబు ప్రభుత్వం పాత అప్పులు రద్దు చేసింది. దళారులకు 11 లక్షల ర్యోలకు పైగా మునిగింది. సమురాయ్‌లు పండగ చేసుకున్నారు, మళ్లీ అప్పుకు వెళ్లేదాకా. దళారి లేదు పొమ్మన్నాడు. రుణమాఫీ తర్వాత కొత్త అప్పు పుట్టకపోవడం అక్కడా అంతే.

ఇక మిగిలింది చేతిపని. తుపాకీ దళంవాళ్లు ఎదోలోని ఓకుబోలో అజేలియా పూలమొక్కలు పెంచి అమ్మారు. కొందరు గొడుగులకు కాగితం అంటించారు. తిండి లేకపోయినా సమురాయ్ పళ్లపుల్ల పట్టుకు తిరుగుతాడని వాళ్ల సామెత. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మనం ఎప్పుడో అన్నాం కనుక అనువాదం అక్కర్లేదు.

శిబిరంలో తప్పక నేర్పాల్సింది ఒకటుంది. కత్తి కట్టుకోకుండా బయటికి రాకూడదు, కానీ ఒరలో ఏముందో ఎవరూ చూడరు. అందుకే అసలు కత్తి అమ్ముకుని, ఒరలో సన్నగా చెక్కిన వెదురు బద్ద దోపుకున్నవాళ్లు ఉన్నారు. పిడి పాతదే, ఒర పాతదే. నడుముకు బరువు తగ్గుతుంది. ఎవడైనా కయ్యానికి కాలు దువ్వితే మాత్రం, ఆ రోజుకి క్షమాగుణం చూపించాలి.

1876 మార్చిలో కత్తులు ధరించరాదని షోగన్‌ల తర్వాత వచ్చిన మెయిజీ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వెదురు బ్యాచ్‌కు పెద్దగా నష్టం లేదు.