సవరణ: ట్రినిటీ నది పక్కపాయల పునరుద్ధరణ

కాలిఫోర్నియాలోని ట్రినిటీ నది గురించి ఇంతకుముందు ప్రచురించిన వ్యాసంలో ‘ఆనకట్టల దిగువన పక్కపాయలు తవ్వితే సాల్మన్ చేపలు తిరిగివస్తాయి’ అని ఉన్న చోట, ‘పాయల తవ్వకంతో పాటు తగినంత నీటి విడుదల, గులకరాళ్ల చేర్పు కూడా ఉంటేనే సాల్మన్ పిల్లలకు ఆవాసం నిలుస్తుంది’ అని చదువుకోవాలి.

ఇది మాటల తేడా మాత్రమే కాదు. 1960ల తొలినాళ్లలో ట్రినిటీ, లూయిస్టన్ ఆనకట్టలు కట్టాక, లూయిస్టన్‌కు చేరే నీటిలో 90 శాతం దాకా సొరంగాల గుండా, జలవిద్యుత్ కేంద్రాల మీదుగా శాక్రమెంటో నది వైపు మళ్లింది. పెద్ద వరదలు ఆగిపోవడంతో ఒడ్డున దట్టంగా పెరిగిన విల్లో, ఆల్డర్ చెట్లు ఇసుకను పట్టి ఉంచి గట్లు కట్టాయి. నది ఒకే ఇరుకు కాలువగా మారింది. రెండు అంగుళాలైనా లేని చేపపిల్ల తలదాచుకోవడానికి కావలసిన లోతులేని, వడిలేని నీరు కరువైంది. పైనుంచి కొట్టుకురావలసిన గులకరాళ్లేమో జలాశయంలోనే ఉండిపోయాయి. అందుకే 2000 నాటి ప్రభుత్వ నిర్ణయం యంత్రాలతో గట్లు తొలగించడంతో సరిపెట్టక, ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం నీటి రాబడిని బట్టి 3,69,000 నుంచి 8,15,000 ఎకరా-అడుగుల దాకా (ఎకరం నేలపై అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు) నీటిని నదికే కేటాయించింది.

పాయ ఎంత లోతైతే అంత మేలన్న అభిప్రాయం కూడా ఆ వ్యాసం వల్ల కలగవచ్చు. లోతు కన్నా పాయ మొదలయ్యే చోటి ఎత్తు ముఖ్యం. అది మరీ ఎత్తుగా ఉంటే, విడుదల తగ్గించగానే పాయకు నదితో సంబంధం తెగిపోయి పిల్లలు గుంటల్లో చిక్కుకుపోతాయి.