అర్జీ రాసిన చేయే అద్దాలు పగలగొట్టింది

ఆడవాళ్లు రోడ్డెక్కిన ప్రతిసారీ ఒక హితబోధ వినిపిస్తుంది. అడిగే పద్ధతిలో అడగాలని, వినతిపత్రం ఇచ్చి ఇంటికి వెళ్లాలని పెద్దలు సెలవిస్తారు. మహిళల ఓటు హక్కు ఉద్యమ చరిత్ర తెలిసినవారెవరూ ఆ మాట అనలేరు. అర్జీకీ ఆందోళనకూ మధ్య గోడ కట్టింది పాలకులే తప్ప ఆ ఉద్యమాన్ని నడిపిన మహిళలు కాదు.

మార్గరెట్ కజిన్స్ జీవితమే ఇందుకు సాక్ష్యం. ఐర్లండుకు చెందిన ఆమె 1910లో లండన్‌లో నిరసనకు దిగి హాలోవే జైలుకు వెళ్లారు. 1913లో ఐర్లండులో బ్రిటిష్ పాలనకు కేంద్రమైన డబ్లిన్ కోట కిటికీ అద్దాలు పగలగొట్టి మళ్లీ జైలుపాలై, అక్కడ నిరాహార దీక్ష పట్టారు. 1915లో భారతదేశం వచ్చాక భర్తతో కలిసి మన మదనపల్లెలో కాపురం పెట్టారు. 1917లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు రాజకీయ సంస్కరణలపై అభిప్రాయాలు వినడానికి ఈ దేశం వచ్చినప్పుడు, ఆడపిల్లల చదువు గురించి విన్నవించుకుంటాం, సమయమివ్వండి అని ఆమె కోరారు. రాజకీయ విషయాలపై వచ్చేవారినే కలుస్తామని జవాబొచ్చింది. సరే, రాజకీయమే మాట్లాడతామంటూ ఆమె అర్జీలో ఓటు హక్కు చేర్చారు. ఆ డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన మహిళా ప్రతినిధి బృందం మద్రాసులో మాంటేగు ఎదుట నిలబడింది. ఓటర్లెవరో నిర్ణయించేటప్పుడు మహిళలను కూడా ప్రజలుగా గుర్తించండి, మమ్మల్ని అనర్హులను చేసే మాట చట్టంలో రాయకండి అన్నదే వారి కోరిక. అద్దాలు పగలగొట్టిన మనిషే అంత మర్యాదైన అర్జీకి రూపమిచ్చారంటే, ఎప్పుడు ఏ పద్ధతి పనిచేస్తుందో ఆమెకు బాగా తెలుసన్నమాట.

ఆ మర్యాదకు మొదట దక్కింది తిరస్కారమే. ఓటర్ల అర్హతలు తేల్చడానికి వేసిన సౌత్‌బరో కమిటీ, ఈ దేశ సామాజిక పరిస్థితుల్లో మహిళలకు ఓటు తొందరపాటని తేల్చేసింది. పరదా పాటించే స్త్రీలు పోలింగ్‌కు ఎలా వస్తారన్నది సాకు. మన నాయకురాళ్లు ఊరుకోలేదు. 1919లో సరోజినీ నాయుడు, అనీ బిసెంట్, హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠన్ లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు వాదన వినిపించారు. బ్రిటిష్ పార్లమెంటు నేరుగా ఓటు ఇవ్వకుండా, నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనమండళ్లకు వదిలేసింది. ఉద్యమం అక్కడికీ వెళ్లింది. 1921లో మద్రాసు శాసనమండలి మహిళలపై నిషేధాన్ని తొలగించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగమే కాబట్టి, బ్రిటిష్ ఇండియాలో ఓటు దక్కిన తొలి మహిళల్లో తెలుగువారూ ఉన్నారు.

మద్రాసులో మృదువుగా అడిగితే వినడానికి కారణం లండన్ వీధుల్లోనే ఉందని మేం భావిస్తున్నాం. అర్జీలను ఏళ్ల తరబడి బుట్టదాఖలు చేస్తే ఏమవుతుందో పాలకులు అక్కడ కళ్లారా చూశారు. ఓటు కోసం జైలుకెళ్లి నిరాహార దీక్ష చేసిన మహిళల గొంతులో గొట్టాలు దించి బలవంతంగా ఆహారం పోశారు. 1913లో ఒక చట్టం తెచ్చి, నీరసించినవారిని విడిచిపెట్టి, కోలుకోగానే మళ్లీ పట్టుకెళ్లారు. బ్రిటన్‌లో పెరిగిన పంజాబ్ రాజవంశీకురాలు సోఫియా దులీప్ సింగ్ ఓటు లేనిదే పన్ను కట్టనని తెగేసి చెప్పారు. 1911లో అధికారులు ఆమె వజ్రపుటుంగరాన్ని జప్తు చేసి వేలం వేస్తే, సాటి ఉద్యమకారిణి దాన్ని కొని ఆమెకే తిరిగిచ్చారు. బ్రిటన్‌లో 30 ఏళ్లు దాటి, ఆస్తి అర్హత ఉన్న మహిళలకు 1918లో ఓటొచ్చింది. పురుషులతో సమానంగా రావడానికి 1928 దాకా పట్టింది.

మన ఉద్యమానికీ ఒక పెద్ద లోటుంది. 1921లో దక్కిన ఓటు ఆస్తి ఉన్నవారికే. కూలి పనికి పోయే ఆడమనిషికి దానితో సంబంధం లేదు. 1930ల్లో మహిళా సంఘాలు వయోజనులందరికీ ఓటు కావాలని గట్టిగా నిలబడ్డాయి. భర్త ఆస్తి చూసి భార్యకు ఓటివ్వడమేమిటని ప్రశ్నించాయి. అయినా 1935 చట్టంతో ఓటు దక్కిన మహిళలు దాదాపు 60 లక్షలే. అందరికీ రావడానికి రాజ్యాంగమే రావలసి వచ్చింది. అప్పుడు కూడా, 1951-52 ఎన్నికల జాబితా తయారుచేస్తుంటే, ప్రధానంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, చాలామంది మహిళలు తమ పేరు చెప్పలేదు. ఫలానా వాడి భార్యను, ఫలానా వాడి తల్లిని అని మాత్రమే రాయించారు. సొంత పేరు లేనిదే కుదరదని ఎన్నికల సంఘం పట్టుబట్టడంతో సుమారు 28 లక్షల మంది జాబితాకెక్కలేదు. ఆ నిర్ణయం కఠినమే, కానీ సరైనది.

ఇప్పుడు ప్రశ్న ఓటేసే హక్కు గురించి కాదు, సభలో కుర్చీ గురించి. చట్టసభల్లో మహిళలకు మూడోవంతు సీట్లిచ్చే బిల్లు 1996లో తొలిసారి పార్లమెంటు గడప తొక్కితే, 2023లో గానీ ఆమోదం పొందలేదు. లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరే వ్యతిరేకంగా ఓటేశారు. అంతటి ఏకాభిప్రాయం ఉండి కూడా, చట్టం చేసిన రోజే అమలును జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. ఇప్పుడే తొందరెందుకన్న సౌత్‌బరో కమిటీ మాటకూ దీనికీ పెద్ద తేడా మాకు కనిపించడం లేదు. 2024లో 543 మంది లోక్‌సభ సభ్యుల్లో మహిళలు 74 మందే. 2023 తెలంగాణ ఎన్నికల్లో 119 స్థానాల్లో గెలిచిన మహిళలు 10 మంది.

జనగణన దాకా ఆగాల్సింది చట్టమే, పార్టీలు కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఒడిశాలో బిజూ జనతాదళ్ 21 సీట్లలో 7, బెంగాల్‌లో తృణమూల్ కాంగ్రెస్ 42లో 17 మహిళలకు ఇచ్చాయి. ఆనాడు ఏ చట్టమూ వారిని బలవంతపెట్టలేదు. రెండు తెలుగు రాష్ట్రాల పార్టీలూ వచ్చే ఎన్నికల్లో మూడోవంతు టికెట్లు మహిళలకే ఇస్తామని ఇప్పుడే ప్రకటించాలి. ఆ ప్రకటన కోసం వాటి కార్యాలయాల ముందు బైఠాయించే మహిళలకు మా పత్రిక మద్దతు ఉంటుంది.