అంట్లు తోమితే ఓర్పు వస్తుందా?

అంట్లు తోమడం, బట్టలు మడతపెట్టడం లాంటి ఇంటిపనులు ఓర్పు నేర్పుతాయని, వాటిలో ఎదుగుదల ఉందని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. సగం ఒప్పుకుంటాను. నాకైతే ఆ పాఠం చెప్పింది దోసెల పిండి. మినప్పప్పు నాలుగైదు గంటలు నానాలి. మిక్సీలో అయితే చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ రుబ్బాలి, పిండి వేడెక్కితే సరిగ్గా పొంగదు. చిటికెడు తీసి నీళ్ల గిన్నెలో వేస్తే తేలాలి, అప్పుడు ఆపాలి. ఆ తర్వాత మన చేతుల్లో ఏమీ ఉండదు. వేసవిలో రాత్రి కలిపి పెడితే తెల్లారేసరికి మూత ఎత్తేస్తుంది, డిసెంబరులో పొద్దెక్కినా కదలదు. ఎంత టెన్షన్ పడినా అది పులిసేటప్పుడే పులుస్తుంది. జవాబు రాని మెయిల్ కోసం నిమిషానికోసారి ఫోన్ చూసే అలవాటు నాకు తగ్గింది దీనివల్లే (నవ్వుకోండి, పర్లేదు).

ఇక మిగతా సగం. జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్కేసిన 2019 జాతీయ టైమ్ యూజ్ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెట్టారు, మగవాళ్లు 97. అసలు రోజులో ఆ పని ముట్టుకున్న మగవాళ్లే వందలో 26 మంది. దాదాపు ఐదు గంటలు చాకిరీ చేసేవాళ్లతో 'ఇందులో ఎదుగుదల ఉంది, ఆస్వాదించండి' అంటే ఒళ్లు మండదా? మా అమ్మకు ఓర్పు ఎప్పుడో వచ్చేసింది, ఆవిడకు కావలసింది ఆదివారం సెలవు. ఈ పాఠాలు అవసరమైనవాళ్లు సోఫాలో కూర్చుని కాఫీ అడుగుతున్నారు. వాళ్ల కోసం ఇంకో వ్యాసం రాయండి, పప్పు నానబెట్టే దగ్గర్నుంచి మొదలుపెట్టండి.