పట్టని చేపలకు పరిహారం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, సరిగ్గా 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలు, మోటారు పడవలు సముద్రం మీద వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం చేసిన ఏర్పాటు ఇది. ఆ రెండు నెలలూ విశాఖ చేపలరేవులో పడవలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి. వేట ఆగిన మత్స్యకార కుటుంబానికి 20 వేల రూపాయల భృతి ఇస్తున్నారు. సబబైన పని. నా అభ్యంతరమల్లా ఒక్కటే. 61 రోజులు చేపల జోలికి వెళ్లనందుకే అంత గుర్తింపు ఉంటే, ఏడాది పొడవునా ఒక్క చేపనైనా నొప్పించని మాబోటి వారి సంగతేమిటి?

మేము ఆదివారం పూట గాలం పట్టుకుని నీళ్ల మీదికి వెళ్లే వర్గం. ఆరు రోజులు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని, ఏడో రోజు టోపీ పెట్టుకుని ప్రకృతి ప్రేమికులం అవుతాము. మా వల్ల ఇంతవరకు ఏ జలచరానికీ హాని జరగలేదు. ఉగాది ముందరి ఆదివారం భీమిలిలో జరిగినదే అందుకు దాఖలా.

ఆ రోజు మేము ఎంచుకున్నది గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి, తాటిపూడి జలాశయం దగ్గర నగరానికి తాగునీరు అప్పగించి, మిగిలిన కాస్త ఓపికతో భీమిలిలో సముద్రాన్ని చేరే నది. గుహలో ఆవు పొదుగులాంటి రాయి ఉందని, ఆ నీరే నది అయిందని దానికి ఆ పేరు. పొదుగున్న నది పాలిస్తుంది గాని చేపలిస్తుందా అని మా ఆవిడ బయలుదేరేటప్పుడే అడిగింది. మేము వినిపించుకోలేదు.

పడవ నడిపే తాత ఐదున్నరకల్లా రమ్మన్నాడు. పొద్దున్నే నీరు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉంటుందట. ఎండెక్కి నేల కాగాక సముద్రం మీది గాలి లోపలికి తోసుకొస్తుందట. ఆ తర్వాత పడవ ఎవరి మాటా వినదట. తాతకు స్మార్ట్ ఫోను లేదు కాబట్టి అలా అంటున్నాడని మా బావ సర్దిచెప్పాడు. బావ ఫోనులో ఆ రోజుకు నవ్వుతున్న సూర్యుడి బొమ్మ ఉంది. ఆ భరోసాతో ఇడ్లీ తిన్నాము, పూరీ తిన్నాము, కాఫీ రెండుసార్లు తాగాము. బీచ్ రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల దగ్గర బావ కారు ఆపించాడు. వేల ఏళ్లపాటు గాలి ఇసుకను మోసుకొచ్చి పోసిన దిబ్బలవి. గాలి పనితనానికి అంతకు మించిన ధ్రువపత్రం ఈ జిల్లాలో లేదు. దాని ముందు నిలబడి ఫొటో దిగుతూ బావ, "ఇవాళ గాలే లేదు, చూశావా?" అన్నాడు.

పడవ ఎక్కేసరికి పదిన్నర. గాలి మాత్రం సమయానికే వచ్చింది.

నది మధ్యకు వెళ్లగానే పడవ అడ్డం తిరిగింది. తాత తాడుకు కట్టిన రాయి వేశాడు. అది బురదలో గీత గీసుకుంటూ మా వెంటే వచ్చింది. అయినా బావ వెనుకాడే మనిషి కాడు. ఆయన చేతిలో సొరచేపనైనా లాగగలదని డబ్బా మీద రాసి ఉన్న కొత్త రాడ్డు ఉంది. రొయ్య గుచ్చి, గాలికి ఎదురుగా, శక్తికొద్దీ విసిరాడు. గాలం నీటి మీదికి వెళ్లినట్టే వెళ్లింది, నడిమధ్యలో ఒక్క క్షణం ఆలోచించింది, తిరిగొచ్చి నా చొక్కా భుజం మీద దిగింది.

"కదలకండి బాబూ" అన్నాడు తాత. "దీని ముల్లు దిగిన దారిన వెనక్కి రాదు." బొటనవేలితో బట్టను నొక్కి పట్టి, కొక్కేన్ని ఇంకాస్త ముందుకు తోసి, కొన అవతలికి తేలాక వంపు తిప్పి తీశాడు. రొయ్య తోకతో సహా చెక్కుచెదరలేదు. దాన్ని మళ్లీ ఐసు డబ్బాలో వేస్తూ, "పనికొస్తుంది" అన్నాడు.

ఆ తర్వాత దారం గాలికి పొట్ట ఉబ్బి గాలిపటం దారంలా వంగిపోయింది. కొరికింది చేపో, లాగింది గాలో తెలిసే వీలు లేదు. బావ పదిసార్లు "పడింది, పడింది" అని అరిచాడు. నిజంగా పడింది ఒక్కటే, ఆయన టోపీ. గోస్తనిలో పడ్డదేదైనా సముద్రంలో కలవడం న్యాయం. ఆ టోపీ మాత్రం అనంతగిరి వైపు ప్రయాణమైంది.

గంటన్నరలో ముప్పావు వంతు ఎర మాయమైంది, చేప మాత్రం రాలేదు. తెలియని వాళ్లు దీన్ని వైఫల్యం అంటారు. నది జీవులకు మేము సొంత ఖర్చుతో చేసిన అన్నదానం అది. పంచాంగంలో మా రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని ఉంది. ఆదాయంలోని ఆ 2 ఎక్కడిదో ఇప్పటికీ అంతుపట్టలేదు.

కాబట్టి నా విజ్ఞప్తి ఇది. 61 రోజులకు 20 వేలంటే రోజుకు సుమారు 328 రూపాయలు. ఏడాదికి లక్షా 19 వేల 672. రొయ్యల ఖర్చు, టోపీ, చొక్కా చిల్లు నేను కలపలేదు. ఆ భృతి వేట తప్ప వేరే ఆధారం లేని కుటుంబాలకు ఉద్దేశించినదనీ, నాకు ఒకటో తారీఖున జీతం పడుతుందనీ ఎవరైనా అనవచ్చు. ఈ చిన్న తేడాను అధికారులు పెద్ద మనసుతో చూడాలి.

సాక్షి సంతకం కోసం తాతను అడిగాను. ఒడ్డున పడవ కట్టేస్తూ, "పట్టామని చెప్పమన్న వాళ్లను చూశాను బాబూ, పట్టలేదని రాసిమ్మన్నది మీరే" అన్నాడు. ఆయన తెల్లవారకముందే వల విసిరి, పడ్డవి అమ్మేసి, ఇక పని లేక మమ్మల్ని తిప్పాడని అప్పుడు తెలిసింది. సంతకం పెట్టలేదు. కిరాయి మాత్రం లెక్కపెట్టుకున్నాడు.

సాక్ష్యంగా దరఖాస్తుకు జతచేద్దామని మిగిలిన ఎరను ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. రాత్రి స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లోంచి ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి వేగుతున్న వాసన. భోజనాల బల్ల దగ్గర బావ అప్పటికే కూర్చున్నాడు. గిన్నెలో ఇగురు. ఎనిమిది రొయ్యలు. నా భుజం మీద వాలినది ఏదో పోల్చుకుందామని చూశాను గాని, మసాలాలో అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"పోనీలెండి, ఖాళీ చేతులతో రాలేదు. నదిలో ఇవి పట్టారని అన్నయ్యగారు చెప్పారు" అంది మా ఆవిడ, నాకు వడ్డిస్తూ. "అంత పొద్దు కూర్చుంటే ఎనిమిదేనా?"

"గాలి ఎక్కువ చెల్లెమ్మా. లేకపోతే కిలో పడేవి" అన్నాడు బావ, రెండో వాయి కలుపుకుంటూ.