కాందహార్‌ను కాపాడలేని స్నేహం

జహంగీర్ 1613లో ఇరాన్‌కు పంపిన ఖాన్ ఆలం రాయబారాన్ని మొఘల్ దౌత్యానికి మకుటాయమానంగా చెప్పుకోవడం మనకు అలవాటైంది. నా దృష్టిలో మాత్రం, 1622లో సరిహద్దు కోట కాందహార్ ఇరాన్ చేతికి చేజారడానికి బాటలు వేసినవాటిలో ఆ రాయబారం తెచ్చిన ధీమా ముఖ్యమైనది.

ఖాన్ ఆలం సమర్థతను శంకించాల్సిన పని లేదు. తన రాజ్యంలో పొగాకును నిషేధించిన ఇరాన్ సఫవీ వంశపు పాలకుడు షా అబ్బాస్, అది లేనిదే గడవని ఈ రాయబారికి ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చాడంటే, ఆయన అక్కడ ఎంత ఆదరణ పొందాడో ఊహించవచ్చు. ఆయన వెంట వెళ్లిన చిత్రకారుడు బిషన్‌దాస్ షా రూపాన్ని ఎదురుగా చూసి అచ్చుగుద్దినట్టు గీసుకొచ్చాడు. 1620లో వారు తిరిగి వచ్చాక జహంగీర్ మురిసిపోయి ఆ చిత్రకారుడికి ఏనుగును బహూకరించాడు.

అయితే మొఘల్ ఆస్థానం మనసులో ఉన్నది మరో చిత్రం. షాను ఎన్నడూ చూడని జహంగీర్‌కు వచ్చిన కలను అబుల్ హసన్ అంతకుముందే బొమ్మగా వేశాడు. అందులో భూగోళం మీద నిలబడి ఇద్దరు చక్రవర్తులు ఆలింగనం చేసుకుంటారు. జహంగీర్ కాళ్ల కింది సింహం షా కాళ్ల కింది గొర్రెను మధ్యధరా సముద్రం వైపు నెడుతూ ఉంటుంది. బిషన్‌దాస్ తెచ్చిన అసలు ముఖాన్ని చూశాక కూడా ఆగ్రా కొలువు ఆ కలనే నమ్ముకుంది. 1595లో అక్బర్ వశమైన కాందహార్ తనదేనని షా దూతల ద్వారా పదే పదే అడుగుతున్నా, కోటలో చాలినంత సైన్యాన్ని ఉంచలేదు.

జహంగీర్ కొడుకు ఖుర్రం (తర్వాతి షాజహాన్) తిరుగుబాటు వల్లనే కాందహార్ పోయిందని కొందరు వాదిస్తారు. ఖుర్రంను కాందహార్‌కు కదలమన్నదే ముప్పు ముంచుకొచ్చాక కదా! కోట బలహీనత అంతకుముందు నాటిది.

పాలకుల వ్యక్తిగత ఆప్యాయతను రాజ్యాల మధ్య ఒప్పందంగా లెక్కగట్టే ఈ జబ్బు నేటి శిఖరాగ్ర సమావేశాల్లోనూ కనిపిస్తుంది. నాయకుల కౌగిలింతల ఫొటోలు వచ్చినంత వేగంగా సరిహద్దు ఒప్పందాలు రావు. షా అబ్బాస్ ఆ రెండింటినీ ఎన్నడూ కలపలేదు. జహంగీర్‌ను సోదరుడని సంబోధిస్తూనే, మొఘలులు కన్నేసిన గోల్కొండతో బంధాన్ని కొనసాగించాడు. సార్వభౌముడి పేరు చదివే అక్కడి శుక్రవారం ప్రార్థనా ప్రసంగం ఖుత్బాలో సఫవీ షా పేరు వినిపించేది. ఆ పేరును తీయించడానికి మొఘలులకు 1636 దాకా పట్టింది, అదీ షాజహాన్ సైనిక ఒత్తిడితోనే.