మా పెరటి డెక్కు గారికి, నీ ఆస్థాన కూలీ రాసుకున్న ఉత్తరం

డెక్కు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ ఇద్దరిలో కుశలంగా ఉన్నది నువ్వొక్కదానివే, నేను నడుముకి బెల్టు పెట్టుకుని సోఫాలో పడుకుని ఫోన్లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

2019లో ఇక్కడ, అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం క్యారీలో ఈ ఇల్లు చూడ్డానికొచ్చినప్పుడు ఏజెంట్ గారు స్లైడింగ్ డోర్ తీసి, పెరటి వైపు చెక్క పలకల అరుగులా ఉన్న నిన్ను చూపిస్తూ "సాయంత్రాలు ఊహించుకోండి" అన్నారు. ఊహించుకున్నాం. వాన వెలిసిన సాయంత్రం, మిరపకాయ బజ్జీలు, చేతిలో టీ గ్లాసు. ఆ ఊహ ఖరీదు ఇంటి రేట్లో కలిసిపోయిందని తర్వాత అర్థమైంది. ఎందుకంటే మార్చి చివర్లో పైన్ చెట్ల పుప్పొడి మొదలవుద్ది, నిన్ను పెళ్ళికూతుర్ని చేసినట్టు నిలువునా పసుపు. అది కడిగేలోపు కార్పెంటర్ తేనెటీగలొచ్చి రెయిలింగ్ కింద డ్రిల్ మిషన్ పెట్టినట్టు అరంగుళం గుండ్రటి బెజ్జాలు. తర్వాత ఎండ, దోమలు. తర్వాత చలి. నీ మీద మనిషి ప్రశాంతంగా కూర్చోగలిగేది అక్టోబర్లో ఓ మూడు వారాలు, ఆ మూడు వారాలే నీకు స్టెయిన్, అంటే చెక్కలోకి ఇంకే రంగు నూనె, వెయ్యడానికి కూడా మంచి టైమట. అంటే నువ్వు కూర్చోనిచ్చే రోజుల్లోనే నీ మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. ఏం తెలివి తల్లీ నీది!

ఈసారి నాన్న ఇక్కడే ఉన్నారు. తెనాలి దగ్గర వ్యవసాయం చేసిన మనిషి, నిన్ను చూడగానే "పాత ఎడ్లబండి పలకల్లా బూడిదరంగు తేలిందేంట్రా" అన్నారు. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు చెక్కని గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్‌ని విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తది, మిగిలేది ఆ బూడిద పీచే నాన్నా అని చెప్పా. ఆయన వినలేదు, వంటింట్లోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి నీ మీద పోశారు. చూస్తుండగానే తాగేశావ్. "దాహంతో ఉంది" అన్నారు. నిజానికి ఇదే టెస్టు, నీళ్ళు బొట్లుగా నిలిస్తే పాత కోటింగ్ ఇంకా బతికున్నట్టు, ఇంకిపోతే చెక్క స్టెయిన్‌కి సిద్ధం. నేను నాలుగు వీడియోలు చూసి నేర్చుకున్నది ఆయన చెంబుతో తేల్చేశారు.

పక్కింటి తాతగారు కంచె మీదనుంచి ఇంకో మాట వేశారు, ఇల్లు ఎప్పటిది అని. 2006 అన్నా. అయితే పర్లేదు, 2003 దాకా ఇళ్ళకి వాడే ట్రీటెడ్ చెక్కలో, అంటే పుచ్చకుండా మందు పట్టించిన చెక్కలో, ఆర్సెనిక్ ఉండేది, ఆ చెక్కని ఇసుక కాగితం పెట్టి రుద్దకూడదు అన్నారు. మా ఆవిడ లోపల్నుంచే "ఆర్సెనిక్ అంటే పాషాణం కదండీ" అంది. ఆ ఒక్క విషయంలో నీకు థాంక్స్, మూడేళ్ళు లేటుగా పుట్టావ్.

ఇక ప్రెషర్ వాషర్ గురించి నేను చెప్పను, నీ ఒంటి మీదే రాసుంది. అద్దెకి తెచ్చా, ఎర్ర నాజిల్ పెట్టా, ఎరుపంటే పవర్ అనుకున్నా. అది సున్నా డిగ్రీల కోణమట, నీళ్ళు సూదిలాగా ఒకే చోట పడతాయట, చెక్క పని అంటే 25 డిగ్రీల ఆకుపచ్చది గానీ 40 డిగ్రీల తెల్లది గానీ పెట్టి ఒత్తిడి తగ్గించుకోవాలట. నాకు తెలిసేసరికి గ్రిల్లు పక్కన మూడడుగుల నాగటి చాలు పడింది. నాన్న చూసి ఏమీ అన్లేదు. "ఇప్పుడు గింజలు చల్లుతావా" అని మాత్రం అడిగారు.

తర్వాత పర్‌కార్బొనేట్ అనే క్షారం ఉన్న క్లీనర్ పోసి బ్రష్షుతో తోమాను, ఆ క్షారం విరగడానికి, చెక్క రంగు తేలడానికి ఆక్సాలిక్ యాసిడ్ పోశాను. అది చుక్కకూర పులుపులో ఉండేదే అని చెబితే నాన్న "కిలో చుక్కకూర రుద్దితే పోయేదిగా" అన్నారు. రెండు రోజులు ఆరబెట్టి పైకి లేచిన పీచుని సాండ్‌పేపర్‌తో రుద్దా. ఇక్కడ నా చదువు అడ్డొచ్చింది. ఎంత నున్నగా ఉంటే అంత గొప్ప అనుకుని మెట్ల దగ్గర 220 నంబరు సన్న కాగితంతో అద్దంలా చేశా. 60, 80 నంబర్ల గరుకు కాగితం దగ్గరే ఆపాలంట, మరీ నున్నగా చేస్తే చెక్క రంధ్రాలు మూసుకుపోయి స్టెయిన్ లోపలికి దిగదంట. డైనింగ్ టేబుల్‌కి చెయ్యాల్సిన సేవ నీకు చేశా, నువ్వేమో ఆ మర్యాదకి అలిగావ్.

రంగు విషయం. సొసైటీ వాళ్ళకి ఫారం పెట్టి, శాంపిల్ ముక్క ఫొటో పంపి, పర్మిషన్ తెచ్చుకున్న రంగు పేరు సీడర్. డబ్బా మూత తీస్తే ఆవకాయ జాడీలో మూడో రోజు తేలిన ఊట. మా ఆవిడ వాసన చూడబోతే ఆపా.

నీ నేల పన్నెండడుగులు బై పదహారడుగులు, అది మధ్యాహ్నానికి అయిపోయింది. అప్పుడు తలెత్తి రెయిలింగ్ చూశా. సందులోంచి నాలుగంగుళాల బంతి దూరకూడదని రూలు, పసిపిల్లల తల ఇరుక్కోకుండా, మంచి రూలే, కానీ దానివల్ల 86 నిలువు కర్రలు, ఒక్కోదానికి నాలుగు ముఖాలు. బ్రహ్మదేవుడికీ నాలుగు ముఖాలే గానీ ఆయన ఒక్కడే కదా, నువ్వు 86 మంది బ్రహ్మల్ని వరసగా నిలబెట్టావ్. ముందు వైపు వేస్తే పక్కకి కారుద్ది, పక్కది తుడిస్తే వెనక చార. ముప్ఫయ్యో బ్రహ్మ దగ్గర నేను దేవుణ్ణి తిట్టడం మొదలుపెట్టా. యాభయ్యో కర్ర దగ్గర గేలన్ అయిపోయి, ఒళ్ళంతా, మొహమంతా స్టెయిన్ పూసుకుని మళ్ళీ షాపుకెళ్ళా, కౌంటర్ దగ్గర అబ్బాయి "రెయిలింగా?" అని జాలిగా అడిగాడు.

అసలు భయం ఆ రాత్రి. నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డలన్నీ గరాజులో అట్టపెట్టెలో కుక్కి వచ్చి, అన్నం తింటూ డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివా. ఆ గుడ్డలు ఉండలుగా పడేస్తే నూనె గాలితో కలిసి వేడెక్కి, నిప్పు లేకుండానే వాటంతటవే అంటుకోవచ్చట. నేను ముద్ద మింగలేదు. నాన్న మాత్రం మామూలుగా "పచ్చిగడ్డి కలిసిన గడ్డివాము చూళ్ళేదా, లోపలికి చెయ్యి పెడితే చురుక్కుమనేది, కొన్ని వాములు అలాగే తగలబడ్డాయి" అంటూ లేచి నడిచారు. ఇద్దరం లుంగీల్లో, టార్చి పట్టుకుని, డ్రైవ్‌వే సిమెంటు మీద పదకొండు గుడ్డలు ఒక్కోటీ విడివిడిగా పరిచి అంచులకి రాళ్ళు పెట్టాం. రాత్రి పదకొండుకి పదకొండు గుడ్డలు. గురువారం సొసైటీ నుంచి ఈమెయిల్ వచ్చింది, ఇంటి ముందు బట్టలు ఆరేయడం నిబంధనలకి విరుద్ధం అని. నీ మూలంగా రజకవృత్తి కూడా చేపట్టాం.

వాన పది శాతమే అన్నారు. ఆ పది శాతం ఎక్కడికీ పోకుండా సరిగ్గా మా ఇంటి మీదే పడింది, కాకపోతే మూడో రోజు రాత్రి, అప్పటికి నువ్వు ఆరావ్ కాబట్టి బతికిపోయావ్.

పొద్దున లేచేసరికి నాన్న చెంబుతో నీ మీద నిలబడి ఉన్నారు. నీళ్ళు చల్లారు. చేమాకు మీద పడ్డట్టు బొట్లు బొట్లుగా నిలిచి అటూ ఇటూ దొర్లాయి. నాకు కళ్ళు చెమర్చాయి, ఒట్టు. ఆయన చెంబు పట్టుకుని వరసగా ఒక్కో పలకా చూసుకుంటూ మెట్ల దాకా వెళ్ళి, నేను అద్దంలా రుద్దిన చోట కాస్త పోసి, ఆగి, వంగి చూసి, నన్ను పిలిచారు.

"ఒరేయ్, ఇది తాగేసింది."

ఇట్లు,
రెండున్నర గేలన్ల స్టెయిన్, ఒక నడుము నీకు సమర్పించుకున్న
నీ ఇంటి ఓనరు

తా.క.: నాన్న నవంబర్లో వెళ్ళిపోతున్నారు, చెంబు ఇక్కడే వదిలేస్తారట.