ఆవకాయకు కన్ఫర్మ్డ్ బెర్తు, ఓఆర్ఎస్‌కు వెయిటింగ్ లిస్టు

విదేశీయాత్రకు తెలుగు కుటుంబం చేసే సన్నాహాలను చూసి నవ్వేవాళ్లకు పాలనాదక్షత అంటే ఏమిటో తెలియదు. బ్యాంకాక్-పట్టాయా ప్యాకేజీ కావచ్చు, బాలి హనీమూన్ కావచ్చు, వియత్నాంలో వారం రోజులు కావచ్చు, బయల్దేరే ముందురోజు రాత్రి ఆ ఇంటి హాల్లో జరిగేది అచ్చంగా బడ్జెట్ సమావేశం. కొక్కెం కాటాకు సూట్‌కేసు వేలాడుతుంటుంది. 20 కిలోలకు 300 గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. ఏదో ఒకటి దిగాలి. ఆవకాయ సీసా మీద చెయ్యి వేసే మొనగాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు. కందిపొడి తీస్తే పెద్దావిడ ప్రయాణమే మానుకుంటానంటుంది. జంతికలు పిల్లల కోటా, ముట్టుకుంటే గొడవ. చివరికి అందరి చూపూ మూలనున్న జిప్ కవరు మీద పడుతుంది. అందులో మందులున్నాయి. తూస్తే 310 గ్రాములు! "అక్కడ మందుల షాపులుండవా ఏంటి?" అని ఒకరు అనడం, లోటు బడ్జెట్ మిగులు బడ్జెట్ కావడం క్షణాల్లో జరిగిపోతుంది.

ఈ నిర్ణయం ఆషామాషీది కాదు. దీని వెనక గట్టి కడుపు సిద్ధాంతం ఉంది. "మిరపకాయ బజ్జీలు తిని పెరిగినవాళ్లం, బండి మీద పానీపూరీ తిన్నవాళ్లం, మనకేమవుతుంది" అనేది దాని మూలసూత్రం. దీన్ని బల్లగుద్ది చెప్పే పెద్దమనిషి పదేళ్లుగా ఆర్వో నీళ్లు తప్ప ముట్టలేదు. పెళ్లికెళ్తే సీలు తీయని అరలీటరు సీసా కోసం వెతుకుతాడు. అయినా రోషం మాత్రం చిన్నప్పటి బోరింగు నీళ్లదే.

ప్రయాణికులకు పట్టుకునే విరేచనాల్లో ఎక్కువ భాగం బ్యాక్టీరియా వల్ల వస్తాయి. వాటిలో ముందు వరసలో ఉండేది ఈ.కోలీలో విషం విడుదల చేసే ఒక రకం, ఈటెక్. ఆగ్నేయాసియాలో క్యాంపైలోబ్యాక్టర్ అనే ఇంకో బ్యాక్టీరియాది కూడా పెద్ద వాటానే. వీటికి అలవాటుపడి శరీరం తెచ్చుకునే రక్షణ ఏ ఊరి రకానికి ఆ ఊరిదే, అదీ కొంతకాలమే. కారం తినడానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. గుంటూరు మిరపకాయ మన నాలుకను కాలుస్తుంది, క్యాంపైలోబ్యాక్టర్ తోకను కూడా కాల్చదు.

ఇక జాగ్రత్తల విభాగం. మనవాళ్లు రోడ్డుపక్క తిండి ముట్టరు. ఇది మంచి క్రమశిక్షణే. కళ్లముందే భగభగ మండే మంట మీద బాణలిలో వేయించి, పొగలు కక్కుతుండగా పళ్లెంలో వేసే నూడుల్స్ బండిని దాటి, స్టార్ హోటల్లో గంటన్నరగా గోరువెచ్చగా కూర్చున్న బఫేకి వెళతారు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వరకు సూక్ష్మక్రిములకు పండగ వాతావరణం అనే సంగతి తెల్లటి టేబుల్‌క్లాత్ వెనక దాక్కుంటుంది. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, పచ్చి ఆకుల సలాడ్, మూతలేని గిన్నెలో చట్నీలు అక్కడే ఉంటాయి, ఉచితం కూడా. తొక్క మన చేత్తో మనమే ఒలుచుకునే అరటిపండు మాత్రం "ఇంటి దగ్గర తినట్లేదా" అన్న కారణంతో తిరస్కరణకు గురవుతుంది. నీళ్ల విషయంలో సీసా కొంటారు, ఆ సీసా పక్కనే పెట్టుకుని కుళాయి నీళ్లతో పళ్లు తోముకుంటారు. థాయ్‌లాండ్‌లో మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం ఐసు సాధారణంగా ఫ్యాక్టరీలో శుద్ధిచేసిన నీటితో తయారైనది. దిమ్మ పగలగొట్టిన తురుము ఐసు సంగతి దేవుడికే తెలియాలి. మనవాళ్లు రెండింటికీ సమాన హోదా ఇస్తారు.

అన్నిటికంటే మనకు నమ్మకం ఎక్కువ ఉన్నది ప్యాకేజీవాళ్లు పెట్టే "మన భోజనం" మీద. తెల్లవారుజామున వండి, డబ్బాల్లో సర్ది, బస్సు డిక్కీలో దీవులూ గుళ్లూ తిరిగి మధ్యాహ్నం రెండింటికి విప్పే వెజ్ ఫ్రైడ్ రైసును చూడగానే కళ్లు చెమరుస్తాయి. ఆ అన్నంలో బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిలో ఉంటే మొలకెత్తి, పెరిగి, విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా విరగదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. పులిహోరలో చింతపండు పులుపు క్రిముల జోరు కొంత తగ్గిస్తుంది కాబట్టే మన ముందు తరాలు రైలు ప్రయాణాలకు అది కట్టుకెళ్లేవి. తెల్లన్నానికి, ఫ్రైడ్ రైసుకు ఆ కవచం లేదు. వండిన పదార్థం బయట రెండు గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంట, అంతే లెక్క. ఈ లెక్క టూర్ మేనేజరుకు చెప్పి చూడండి, మిమ్మల్ని గ్రూపులో ఎవరి పక్కనా కూర్చోబెట్టరు.

సరే, జరగాల్సింది జరిగింది. అర్ధరాత్రి రెండు గంటలు, హోటల్ గది, బాత్రూం ముందు క్యూ. ఇప్పుడు ఇంటి పెద్ద చేతికి పనిపడుతుంది. ఆయన జేబులో ఒక స్ట్రిప్పు ఎప్పుడూ ఉంటుంది. ఓఫ్లాక్సాసిన్‌కో నార్‌ఫ్లాక్సాసిన్‌కో, అంటే ఒక యాంటీబయాటిక్‌కు, ఇంకో మందు జతచేసిన ఆ బిళ్లకు మన రాష్ట్రాల్లో కులదైవం స్థాయి ఉంది. ఒకటి వేసుకుని, ఉదయం కాస్త తెరిపి ఇవ్వగానే మిగతావి దాచేస్తారు, వచ్చే యాత్రకు పనికొస్తాయని. ఆగ్నేయాసియా క్యాంపైలోబ్యాక్టర్ ఈ ఫ్లాక్సాసిన్ల కుటుంబానికి చాలావరకు లొంగడం మానేసింది. అందుకే అక్కడికి వెళ్లేవాళ్లకు అవసరమైతే వాడమని డాక్టర్లు రాసిచ్చేది అజిత్రోమైసిన్. అదీ జ్వరం, రక్తం, మంచం దిగలేనంత తీవ్రత ఉన్నప్పుడు. ఇంకోమాట. ఆ జత బిళ్లల్లో కొన్నింటిలో ఉండే టినిడజోల్ మీద ఉండగా మద్యం తాగొద్దని హెచ్చరిక ఉంటుంది. పట్టాయా వెళ్లే పురుషబృందాల ప్రయాణ ప్రణాళికలో ఈ హెచ్చరికకు కేటాయించిన సమయం కనిపించదు.

ఆపే బిళ్ల లోపెరమైడ్ సంగతి మరీ ముచ్చట. బస్సు ఎక్కాల్సి వస్తే అది మంచి మందే. పెద్దవాళ్లు మొదట 2 మిల్లీగ్రాములవి రెండు, ఆ తర్వాత నీళ్ల విరేచనం అయినప్పుడల్లా ఒకటి, డాక్టరు చెప్పకుండా రోజుకు మొత్తం నాలుగు మించకూడదు. జ్వరమో మలంలో రక్తమో ఉంటే ఒక్కటి కూడా వద్దు. లోపలున్న విషాన్ని బయటికి పోనివ్వకుండా తలుపు గడియ పెట్టినట్టవుతుంది. పిల్లలకు అసలే వద్దు. మన పద్ధతిలో నాలుగేళ్ల వాడికి సగం విరిచి ఇస్తారు, "సగమే కదా" అని.

ఇంత హడావుడిలోనూ ఎవరికీ గుర్తురానిది నీళ్లు. విరేచనాలు మనిషిని కూలదోసేది ఒంట్లో నీరూ ఉప్పూ పోవడం వల్ల. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో, బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, కలరాతో జనం పడిపోతుంటే సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు తాగించి ప్రాణాలు నిలబెట్టారు. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆ నీళ్ల వారసత్వమే నేటి ఓఆర్ఎస్ ప్యాకెట్టు: లీటరు నీటికి 20.5 గ్రాముల పొడి. అందులో గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. గ్లూకోజు, సోడియం జంటగా ఉంటేనే జబ్బుపడ్డ పేగు కూడా వాటిని లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరూ వెళుతుంది. పది ప్యాకెట్లు కలిపినా పావుకిలో తూగవు. జంతికల్లో అంత బరువు పొట్లం అడుగున పిండిపిండి అయిపోతుంది.

ప్యాకెట్ ఉన్నవాళ్లు కూడా దాన్ని వాడే తీరు చూడముచ్చటగా ఉంటుంది. లీటరు ప్యాకెట్టును హోటల్ గ్లాసులో పోసి గిరగిరా తిప్పి తాగిస్తారు, గాఢంగా ఉంటే త్వరగా పనిచేస్తుందట. అలా తాగితే పేగులోకి నీరు ఒంట్లోంచే లాగబడి విరేచనాలు పెరుగుతాయి. పసివాళ్లకైతే రక్తంలో సోడియం ప్రమాదకరంగా ఎక్కుతుంది. అరలీటరు సీసాలే దొరికితే రెండు పోసి కలపాలి. లేదా 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లే కొని తీసుకెళ్లాలి. విరేచనం అయినప్పుడల్లా పెద్దవాళ్లకు ఒక గ్లాసు, రెండేళ్లు దాటిన పిల్లలకు అరగ్లాసు నుంచి గ్లాసు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా మళ్లీ మొదలు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లకు, చెంచా మీద గోపురం కట్టకుండా అంచుకు సమంగా కొలిచి, ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు.

ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని టెట్రా ప్యాకుల్లో అమ్మిన తియ్యనీళ్ల కథ వేరు. పంచదార ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయని హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. విదేశంలో శీతలపానీయం మూత తీసి "ఇదీ గ్లూకోజే కదా" అనే మేనమామను ఆపే ఆదేశం మాత్రం ఇంకా రాలేదు.

షుగరు, బీపీ బిళ్లలు వాడేవాళ్లకు ఇది తమాషా కాదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్, మూత్రం ఎక్కువ చేసే బీపీ మందులు కొందరికి తాత్కాలికంగా ఆపాల్సి వస్తుంది. ఇన్సులిన్ మాత్రం సొంత తెలివితో మానకూడదు. ఏది ఆపాలో, ఏది ఆపకూడదో వెళ్లేముందే డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి. అర్ధరాత్రి ఫుకెట్ నుంచి ఖమ్మం డాక్టరుకు వాట్సాప్ కాల్ చేయడం కూడా ఒక పద్ధతే. ఆయన నిద్రలేచేదాకా ఆగగలిగితే.

ఇక జలుబు. విమానంలో ఏసీ గాలి తగిలితే పడిశం పడుతుందని మన నమ్మకం. అందుకే సీట్లో కూర్చోగానే పైనున్న గాలి నాజిల్ బిగించి, చెవులకు మఫ్లర్ చుట్టి, వెనక సీటాయన తుమ్ములను ఆస్వాదిస్తూ నిద్రపోతాం. విమానంలో తిరిగే గాలి సూక్ష్మకణాలను పట్టేసే హెపా ఫిల్టర్ల గుండా పోతుంది, క్యాబిన్ గాలి గంటకు 20 నుంచి 30 సార్లు మారుతుంది. ప్రమాదం ఆ గాలిది కాదు, చుట్టూ రెండు వరసల్లో దగ్గేవాళ్లది, ట్రే బల్లను తడిమి ముక్కు రుద్దుకునే మన చేతిది. నాజిల్ తెరిచి ఉంచి, ఎన్95 మాస్కు పెట్టుకుని, తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. శానిటైజరు జలుబు వైరస్‌లకు కొంత పనికొస్తుంది గానీ వాంతులు తెప్పించే నోరోవైరస్ దాన్ని పెద్దగా లెక్కచేయదు, ఆ వైరస్‌కు సబ్బూ నీళ్లే.

పడిశం పట్టాక మనకు అమృతాంజనం ఉంది. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలుపెట్టిన ఆ సీసా లేని తెలుగు సామాను అసంపూర్ణం. మెంతాల్ ఘాటు ముక్కు తెరుచుకున్న భావన ఇస్తుంది, లోపలి వాపు అలాగే ఉంటుంది. విమానం దిగేటప్పుడు చెవులు పగిలిపోయేంత పోటు రావడానికి కారణం ఆ వాపే. పెద్దవాళ్లు దిగడానికి అరగంట ముందు జైలోమెటజోలిన్ స్ప్రే ముక్కులో కొట్టుకుంటే చాలా నయం. మూడు నాలుగు రోజులు మించి వాడితే స్ప్రే మానగానే ముక్కు మునుపటికంటే గట్టిగా దిబ్బడేస్తుంది.

జలుబు బిళ్లల గణితం మాత్రం గమ్మత్తుగా ఉంటుంది. ఒళ్లునొప్పులకని పారాసిటమాల్ 650 నాలుగుసార్లు, అంటే 2600 మిల్లీగ్రాములు. జలుబుకని ఇంకో బిళ్ల మూడుసార్లు. అందులోనూ 500 పారాసిటమాల్ ఉంటుంది, అంటే 1500. మొత్తం 4100. రోజు పరిమితి 4000. కాలేయానికి ఈ కూడిక వచ్చు, మనకు రాదు. అదే బిళ్లలో ముక్కు తెరవడానికని ఉండే ఫినైలెఫ్రిన్ నోటితో మింగితే పనిచేయదని 2023లో అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘం తేల్చింది. నిద్రమత్తు మాత్రం నూటికి నూరుపాళ్లు పనిచేస్తుంది, అది వేరే పదార్థం పుణ్యం.

దగ్గు సిరప్పులో కోడీన్ అనే మత్తుమందు ఉంటే దుబాయ్, సింగపూర్ వెళ్లేవాళ్లు ముందే అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకపోతే దగ్గు తగ్గే చోటు వేరేలా ఉంటుంది. మసాలా పొడిలో గసగసాలున్నా ఆ రెండు చోట్లా నిషిద్ధమే. అందుకే మందులు స్ట్రిప్పు విప్పకుండా, డాక్టరు చీటీతో, చేతిసంచిలో ఉండాలి. చీటీ మీద కంపెనీ పేరు కాక మందు అసలు పేరు రాయించుకోవాలి. పారాసిటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటేనే ఇస్తారు. టైఫాయిడ్, ఫ్లూ టీకాలు రెండు వారాల ముందు వేయించుకోవాలి. టైఫాయిడ్ టీకా తయారయ్యేది హైదరాబాద్‌లోనే, అయినా మనవాళ్లు వీసా ఫొటోకు పోయినంత దూరం దానికోసం పోరు.

క్షేమంగా తిరిగొచ్చాక కూడా ఒక అంకం మిగిలి ఉంటుంది. రెండు వారాల తర్వాత కడుపుబ్బరం, పుల్లటి తేన్పులు, జిడ్డుగా తేలే విరేచనాలు మొదలైతే ఇంట్లో దాన్ని దిష్టి అంటారు. ఎర్రనీళ్లతో దిష్టి తీయడానికి ఏ అభ్యంతరమూ లేదు, ఏ మందుతోనూ దానికి పేచీ ఉండదు. తీశాక జియార్డియా అనే పేగు పరాన్నజీవి కోసం మలపరీక్షకు కూడా వెళ్లాలి, ఎక్కడెక్కడ తిరిగొచ్చారో డాక్టరుకు చెప్పాలి. ఒక్క నమూనాలో ఆ పరాన్నజీవి దొరక్కపోవచ్చు, వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు అడుగుతారు. డబ్బా ల్యాబువాళ్లే ఇస్తారు.